జవాబు రాయని ప్రశ్న

మా డిపార్ట్‌మెంట్‌లో లెక్కలు చెప్పే మేడమ్‌కి వారానికి ఇరవై ఆరు గంటల క్లాసులు. ఇద్దరు రిటైరైతే వాళ్ళవీ ఈవిడ నెత్తినే పడ్డాయి. పెట్టినవాళ్ళకి సిగ్గు లేదు, ఈవిడకి కాదనే నోరు లేదు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది. నేను ఆఫీసు క్లర్కుని కాబట్టి సరిపోయింది, సొంత అక్కనైతే నాలుగు తిట్టేదాన్ని.

ఆవేళ గురువారం. దిద్దిన పేపర్ల కట్ట నా బల్ల మీద పడేసి, టీ కూడా తాగకుండా క్లాసుకి పరిగెత్తింది. కట్ట వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ నేను లెక్కపెట్టాలి. అరవై ఇచ్చాను. అరవై ఒకటి తేలాయి. ఇదేం ఖర్మరా బాబూ అనుకుంటూ మళ్ళీ తిరగేశా. మధ్యలో గళ్ళ కాగితం, పెన్సిల్ రాత.

“అమ్మా, గురువారం నాలుగింటికి మా స్కూల్లో నాటకం. నాది రాణి వేషం. మూడుసార్లు చెప్పాను, ఊఁ అన్నావు. పేపర్లైతే చూస్తావని ఇందులో పెడుతున్నా. వస్తావా?”

కింద ఎర్ర సిరా, మేడమ్ దస్తూరీ: “ప్రశ్న రాసి వదిలేశావు. జవాబు లేదు. సున్నా.”

గడియారం మూడుంపావు చూపిస్తోంది. రొప్పుకుంటూ రెండంతస్తులెక్కి, పాఠం మధ్యలో ఆవిడ చేతిలో పెట్టా.

“ఇది నేనే దిద్దానా అక్కా?” అంది.

“దిద్దింది చాలు గానీ బయల్దేరండి మేడమ్.”

“అయిదింటిదాకా క్లాసుంది కదా...”

“నేను కూర్చుంటా. లెక్కలు రావు గానీ, వీళ్ళని కదలకుండా కూర్చోబెట్టడం వచ్చు.”

మర్నాడు పొద్దున కళ్ళు వాచిపోయి వచ్చింది. అందుకోలేకపోయిందేమోనని హడలిపోయా. అదే కాగితం నా ముందు పెట్టింది. సున్నా కొట్టేసి, పక్కన పెన్సిల్‌తో రాసి ఉంది: “పదికి నాలుగు. వచ్చావు. కానీ నేను రాణినయ్యేసరికి నిద్రపోయావు.”

“హాల్లో చీకటి, మెత్తటి కుర్చీ. ఎప్పుడు కన్నంటుకుందో తెలీదక్కా. చప్పట్లకి మెలకువొచ్చింది.”

టీ గ్లాసు ముందుకి జరిపా. చాన్నాళ్ళకి కూర్చుని తాగింది.

“పదికి నాలుగంటే పాసే కదా?” అంది.

“పాసే మేడమ్. బొటాబొటీగా.”

నవ్వబోయి ఏడ్చేసింది. ఇంతలో గంట కొట్టారు. కొంగుతో మొహం తుడుచుకుని, రిజిస్టరు తీసుకుని మెట్లెక్కింది.