ప్రోటాన్లూ, మా అత్త నెత్తళ్ళూ

ఆ రోజుల్లో నాకు తెలిసింది గోరంత, తెలుసని నలుగురికీ చెప్పుకోవాలన్న కోరిక కొండంత. విశాఖలో భౌతికశాస్త్ర పరిశోధనలో చేరి ఏడాది కూడా కాలేదు. సూర్యుడి మీద జ్వాల ఎగసినప్పుడు ప్రోటాన్లకు అంత వేగం ఎక్కడి నుంచి వస్తుంది, అవి మళ్ళీ సూర్యుడి మీదే పడి గామా కిరణాలు ఎలా పుట్టిస్తాయి అన్నది నా విషయం. (మా భావనపాడులో మాత్రం "ఎండ మీద సదువుతన్నాడు" అని చెప్పుకునేవారు. ఆ లెక్కన చేపలు ఎండబెట్టే మా మేనత్త నాకంటే ముప్పై ఏళ్ళు సీనియర్.)

రెండువేల పదిహేడు సెప్టెంబరులో సెలవు పెట్టి ఊరికి వచ్చాను. పొద్దున్నే ఫోను చూస్తే, సూర్యుడి మీద పెద్ద జ్వాల లేచిందని ల్యాబు నుంచి కబురు. పరుగున తీరానికి వెళ్ళాను. అత్త ఇసుక మీద పాత వలలు పరిచి వేలెడేసి నెత్తళ్ళ చేపలు ఆరేస్తోంది. అప్పటికి రెండెండలు తగిలాయి, ఇంకొక్కటి కావాలి. మర్నాడే టెక్కలి నుంచి వ్యాపారి వస్తాడు. సగం ఎండిన సరుకు చూపిస్తే ఆయన మళ్ళీ అత్త గుమ్మం తొక్కడు. అదంతా నాకు పట్టలేదు.

"అత్తా, సూర్యుడు పేలాడు. ప్రోటాన్లు బయల్దేరాయి" అన్నాను. (గొప్ప విషయాలు చెప్పేటప్పుడు నాకు పుస్తకాల భాష వచ్చేసేది.)

"ఏటి బయల్దేరినాయి?"

"కంటికి కనబడవు. మహా వేగం. వాటివల్ల గామా కిరణాలు వస్తాయి. మంట చల్లారినా గంటల తరబడి వస్తూనే ఉంటాయి."

అత్త ఇంకేమీ అడగలేదు. గ్రహణమప్పటిలాగే నెత్తళ్ళన్నీ గంపలకెత్తి ఇంట్లో పెట్టి, పైన దర్భలు వేసేసింది. యూనివర్సిటీ కుర్రాడి అత్తే ఎత్తేసిందంటే ఏదో ఉందనుకుని, అరగంటలో తీరమంతా ఖాళీ చేశారు.

నా పుస్తకాల భాష ఎటో పోయింది. "మన దాకా రావత్తా. పైన గాలే ఆపేస్తాది" అని బతిమాలాను.

"మరి మంట ఆరిపోనాక గూడా ఆటిని ఎవుడు తోస్తన్నాడు?"

మా గైడు నాకు ఇచ్చిన ప్రశ్న సరిగ్గా అదే. "అది ఎవులికీ పూర్తిగా తెలీదు" అన్నాను.

"తోసేవోడెవుడో తెలీదు గానీ, రావని మాత్రం తెలిసిపోనాదా? ఎల్లి ఎండలో కూకో. నీకేటీ కాకపోతే అప్పుడు సూద్దాం."

దోసెడు నెత్తళ్ళు నా పక్కన పోసి కూర్చోబెట్టారు. గంట గడిచేసరికి నా మొహం ఎర్రగా కందిపోయింది. (హాస్టల్లో ఫ్యాను కింద గడిపిన ఏళ్ళు ఊరికే పోతాయా.) "అదిగో, తగిలినాయి" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. ఇది మామూలు ఎండేనని ఎంత మొత్తుకున్నా విన్నవాళ్ళు లేరు. అత్త సరుకు నా నోటివల్లే పాడైపోతోందని ఏడుపొచ్చినంత పనైంది.

అంతలో ఒక కాకి వచ్చింది. నన్ను పట్టించుకోకుండా మూడు నెత్తళ్ళు తిని, ఎగిరిపోయి, బంధువులను వెంటేసుకుని తిరిగి వచ్చింది.

"కాకి ముట్టినాది. ఇంక తెచ్చి ఆరబెట్టండే" అంది అత్త.

కర్మ రోజున పిండం కాకి ముట్టుకుంటే పెద్దలు తృప్తిపడినట్టే కదా. ఆ నమ్మకం ముందు నా ఎమ్మెస్సీ ఏపాటి. పదింటికల్లా తీరం మళ్ళీ వెండిలా మెరిసింది. సాయంత్రానికి నెత్తళ్ళు గలగలలాడాయి, మర్నాడు వ్యాపారి ఒక్కటీ వదలకుండా పట్టుకుపోయాడు. వెళ్తూ నా మొహం చూసి, ఏ ఆకు పసరు రాసుకోవాలో కూడా చెప్పాడు.

కొన్నేళ్ళకు నా పరిశోధనకు ఆఖరి పరీక్ష జరిగింది. దూరం నుంచి వచ్చిన పెద్దాయన అత్త ప్రశ్నే అడిగారు, కాకపోతే ఇంగ్లీషులో. ఇంకా తేలలేదని చెప్పి, ఉన్న రెండు మూడు ఊహలూ వివరించాను. ఆయన సంతోషంగా తలూపి డాక్టరేటు ఇచ్చేశారు. ఎవరూ ఎండలో కూర్చోమనలేదు. కందిన మొహంతో కాకులను అదిలించకుండా కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త బెంగ కూడా వేస్తుంది. నా మాటకు అంత విలువిచ్చి తీరం ఖాళీ చేసినవాళ్ళు మళ్ళీ నాకు దొరకలేదు.

అత్త ఇప్పటికీ నెత్తళ్ళు పంపినప్పుడల్లా ఫోను చేస్తుంది. "ఒరే, ఎవుడు తోస్తన్నాడో తెలిసినాదేట్రా?"

"ఇంకా లేదత్తా."

"మరేటి పర్నేదు. మెల్లిగా సూడు. ఈలోగా కాకులున్నాయి."