తుపాకీకి వేసిన దండ

మేం సిడ్నీలోని వెస్ట్‌మీడ్‌లో ఉంటాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా ఆయన ఈమధ్య లైసెన్స్ తెచ్చుకుని తుపాకీ కొన్నారు. ఇక రోజూ ఇంట్లో శౌర్యప్రతాపాలే! మొదటి వేటకు నన్నూ అడవికి లాక్కెళ్లారు.

"ఫస్ట్ హంట్ కదే, పూజ చేసి స్టార్ట్ చేద్దాం" అంటూ తుపాకీని కారు బానెట్ మీద ఉంచి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. నేను అరటిపళ్ల పళ్లెంతో పక్కన నిలబడ్డాను.

అంతలో పొదల్లోంచి కొమ్ముల జింక ఒకటి తాపీగా నడిచొచ్చి ఆ దండ నమలడం మొదలుపెట్టింది. మనిషిని చూస్తే జింక పారిపోతుందంటారు. ఇక్కడ మా వీరుడే కార్లో దూరి డోర్లు లాక్ చేసుకున్నారు!

"డోర్ తియ్యండి!" అని అరిచాను.

"ష్! అరవకు. ఆ పళ్లేవో దానికిచ్చెయ్" అన్నారు అద్దం వెనక నుంచి.

పళ్లెం దాని ముందుకు చాపాను. కొమ్ములు నా ముఖానికి జానెడు దూరంలో ఉన్నాయి. ఆ జింక ఒక్క పండు తిని, మర్యాదగా వెళ్లిపోయింది.

"పాపమని వదిలేశా" అంటూ ఇప్పుడు ప్రతి బార్బెక్యూ పార్టీలోనూ ఊదరగొడుతున్నారు. ధైర్యం ఎవరిదో నాకూ ఆ జింకకూ తెలుసు. అందుకే ఆయన ఆ మాట అన్నప్పుడల్లా లేచి వెళ్లి, అందరి ముందూ ఆయన ప్లేట్లో ఒక అరటిపండు పెట్టి వస్తాను.