ఇవాళ్టి ఫోటో అడిగిన ఉస్తాద్

మా నరేష్ ఇల్లు చేరాడు! సోమవారం పొద్దున జగిత్యాల బస్టాండులో దిగాడు, ఒంటి మీద చిన్న గీత కూడా పడకుండా దిగాడు, వాళ్లమ్మ చేతి అన్నం తిన్నాడు! ఈ మాట ముందు రాయకపోతే నా చెయ్యి కదిలేలా లేదు. చదివేవాళ్లు మన్నించాలి. ఎందుకంటే ఇది సంతోషం రాయడానికి తీసిన కాగితం కాదు. అదే సోమవారం, మావాడితో మాట్లాడి ఫోను పెట్టేసి పది నిమిషాలు కాకముందే, ప్రెస్సు వాచ్‌మన్ ఫోను చేశాడు. "ఉస్తాద్ ఖలాస్" అన్నాడు. కువైట్‌లోని హవల్లీలో తన ఇంట్లో, పొద్దుటి నమాజు చేసుకుని కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారట.

నేను ఏడో తరగతి దాకా చదివినవాణ్ని. గొప్పగా రాయడం రాదు. ఆయన గురించి నేను కాకపోతే మన భాషలో ఇంకెవరూ రాయరు కాబట్టి రాస్తున్నాను. ఈ పత్రిక ఊళ్లో అచ్చవుతుంది, వచ్చే నెలతో ఇక్కడ ఉండటానికిచ్చే నా ఇఖామా కార్డు గడువు కూడా అయిపోతుంది. అందుకే ధైర్యం చేశాను.

కువైట్‌లో ఒక పేపరు కంపెనీకి వ్యాను నడుపుతాను. మధ్యాహ్నం పూట సల్వా నుంచి అబ్బాసియా దాకా చిన్న చిన్న దుకాణాలన్నీ తిరిగి, అమ్ముడుపోని పేపర్లు ఏరుకొచ్చి సబ్హాన్ గోదాములో దింపుతాను. అందరూ ఇవాళ్టి వార్త చదివితే నేను నిన్నటి వార్తను మోస్తాను. ఆ గోదాము పక్కనే పాత ఫోటోల గది. ఆ గదికి పెద్దాయనే మా ఉస్తాద్. కింద లైను రాయడం, తేదీ వేయడం, ఏ ఫోటో ఏ డబ్బాలో ఉందో చెప్పడం, ఇదే నలభై ఏళ్లుగా ఆయన పని. ఆయనది పాలస్తీనా. చిన్నప్పుడు తండ్రి చెయ్యి పట్టుకుని ఇక్కడికి వచ్చి ఇక్కడే ముసలివారైపోయారు.

అరబ్బులకు ఒక అలవాటుంది. గౌరవంగా పిలవాలంటే మనిషి పేరు పెట్టి పిలవరు, పెద్దకొడుకు పేరు పెట్టి ఫలానావాడి తండ్రీ అంటారు. మొదటి రోజు నేను కట్టలు దింపి చెమట తుడుచుకుంటుంటే, తలుపు దగ్గర నిలబడి, "కొడుకున్నడా? పేరేంది?" అని అడిగారు. చెప్పాను. "లోపలికి రా, అబూ నరేష్. చాయ్ తాగు" అన్నారు. కంపెనీలో నన్ను డ్రైవర్ అంటారు. రూములో పిల్లలు ముసలాయన అంటారు. పదకొండేళ్లు ఆయన ఒక్కరే నన్ను నా కొడుకు పేరుతో పిలిచారు. ఆయన మాట్లాడేది సగం అరబ్బీ, సగం హిందీ. నా చెవికి మాత్రం అది మా జగిత్యాల మాటలాగే వినిపించేది, అలాగే రాస్తున్నాను.

చాయ్‌లో ఏదో ఎండుటాకు వేసేవారు, చేదు మందులా ఉండేది. నేను మూడు చెంచాల చక్కెర వేసుకుంటే, "చాయ్ తాగుతున్నవా, పెండ్లి చేస్తున్నవా?" అనేవారు. పేపరు ఎప్పుడూ చివరి పేజీ నుంచి తిప్పేవారు. తన దేశం గొడవ ఏ పేజీలో ఉందో చూడాలి ఆయనకు. మొదటి పేజీలో ఉంటే ఊపిరి పీల్చుకునేవారు. లోపలి పేజీకి పోతే చాయ్ చల్లారిపోయినా ముట్టేవారు కాదు. నాకు అర్థమయ్యేది కాదు. మొదటి పేజీలో ఉంటేనే కదా భయపడాలి!

ఒకసారి రెండు పేపర్లు పక్కపక్కన పరిచారు. ఒకటి మా కంపెనీది, ఒకటి బయటి దేశంది. రెండింట్లో ఒకటే ఫోటో, పొగ, కూలిన గోడ, గోడ పక్కన ఒక ఆడమనిషి. కింద లైను ఒకదాంట్లో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా. ఒకళ్లు ఇల్లు అన్నారు, ఒకళ్లు స్థావరం అన్నారు. "కింద రాసేది ఒక్క లైను. దాంట్ల అబద్ధముంటే పైనున్న ఫోటో మొత్తం అబద్ధమే" అన్నారు. అందుకే ఆయన ప్రతి ఫోటో వెనక పెన్సిలుతో తేదీ రాసేవారు. తేదీ లేని ఫోటోను బల్ల మీద కూడా పెట్టనిచ్చేవారు కాదు.

ఇంకోసారి ఒక డబ్బా తీసి చూపించారు. అన్నింటిలో పెద్ద దేశాల మంత్రులు పొడుగు బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. శాంతి కోసం ఒత్తిడి తెస్తున్నాం అని చెప్పిన ప్రతిసారీ ఒక ఫోటో. "చూడు అబూ నరేష్. మనుషులు మారిండ్రు, టైలు మారినయ్. నీళ్ల సీసాలు అవ్వే. ఒక్కడు గూడ మూత తియ్యలే." నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. మూడేళ్ల కింద నరేష్ ఇజ్రాయెల్ పోయాడు. మా జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి ముసలివాళ్లను చూసుకునే పనికి అక్కడికి పోయేవాళ్లు చాలామంది, మీ ఇండ్లలోనూ ఉంటారు. జీతం మంచిది, పని నీడ పట్టున. కానీ ఆ దేశం పేరు కువైట్‌లో నోట్లోంచి రాకూడదు. అందులోనూ ఉస్తాద్ ముందు ఎలా అంటాను? ఆయన అడిగితే "సైప్రస్" అన్నాను. చుట్టాలకూ అదే చెప్పాను. ఆయన ప్రతి మధ్యాహ్నం "అబూ నరేష్" అని పిలిచినప్పుడల్లా నాకు లోపల ముల్లు గుచ్చుకునేది.

ఈ ఎండాకాలం అక్కడ మళ్లీ గొడవ పెద్దదైంది. మావాడుండే ఊరు సరిహద్దు దగ్గర. రెండు రోజులు ఫోను కలవలేదు. మా ఇంటామె ఊళ్లో అన్నం మానేసింది. మూడో రోజు మధ్యాహ్నం, వ్యాను ఆపి కట్టలు దింపుతుంటే ఫోటో వచ్చింది. బాల్కనీలో నరేష్! నవ్వుతున్నాడు! వెనక ఆరేసిన బట్టలు, వాటి వెనక పచ్చటి గుట్ట. కింద "మంచిగున్న బాపూ" అని రాశాడు. నాకు ఒళ్లు తెలియలేదు. కట్టలు అక్కడే పడేసి గదిలోకి పరిగెత్తాను.

"ఉస్తాద్, మావాడు! ఇప్పుడే పంపిండు. నవ్వుతున్నడు చూడండి!"

సంతోషంలో సైప్రస్ సంగతే మర్చిపోయాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. రెండు వేళ్లతో ఫోటో పెద్దది చేశారు. మావాడి మొహం చూడలేదు, వెనక చూశారు. చాలాసేపు చూశారు.

"ఎప్పుడు పంపిండన్నవ్?"

"ఇప్పుడే, ఉస్తాద్."

"గుట్ట పచ్చగున్నది."

"మంచిగున్నది గదా!"

"ఈ ఎండలల్ల ఆ గుట్ట పచ్చగుండది. చలికాలం వానలు పడ్డంక రెండు మూడు నెలలు పచ్చగుంటది. ఇప్పుడు ఎండి గోధుమ రంగు తిరుగుతది. ఇది పాత ఫోటో, అబూ నరేష్."

"మీకెట్ల తెలుస్తది? అక్కడ సైప్రస్‌ల..." అని ఆగిపోయాను.

"నలభై ఏండ్ల సంది ఈ గుట్ట ఫోటోల కింద లైను రాస్తున్న. మా నాయన దాని అవతలి దిక్కు పుట్టిండు. ఇది సైప్రస్ కాదు."

బయటికి నడవమంటారనుకున్నాను. ఆయన ఫోను నా చేతిలో పెట్టి, కుర్చీ చూపించారు.

"ఏం పని చేస్తడు?"

"ఒక ముసలాయనకు స్నానం చేపిస్తడు, అన్నం తినిపిస్తడు."

"ముసలాయన నడుస్తడా?"

"నడవడు."

ఆయన గడ్డం రుద్దుకున్నారు. "అయితే నీ కొడుకు ఆ మనిషిని ఇడిసిపెట్టి రాడు. రానని చెప్పలేక నీకు పాత నవ్వు పంపిండు. ఫోను చెయ్యి. మొహం కాదు, కిటికీ చూపియ్యమను. నాకు ఇవాళ్టి ఫోటో కావాలె."

చాలాసార్లు మోగాక నరేష్ ఎత్తాడు. మొహం పీక్కుపోయి ఉంది. "ఎందుకు పరేషాన్ అయితవ్ బాపూ, ఫోటో పంపిన గదా" అన్నాడు. "ఉస్తాద్ ఉన్నరు బిడ్డా, కిటికీ చూపియ్యి" అన్నాను. వాడు గతుక్కుమన్నాడు. తర్వాత ఫోను కిటికీ వైపు తిప్పాడు. గుట్ట గోధుమ రంగులో ఉంది. దాని నడుము దగ్గర నల్లగా కాలిన పట్టీ. రోడ్డు మీద ఒక్క మనిషి లేడు. దుకాణాల షట్టర్లు దించి ఉన్నాయి.

ఉస్తాద్ అడిగారు. "మొన్నటి ఫోటోలల్ల టీవీ వాళ్ల బండ్లు ఉండె గదా మూల మీద? ఎటు పోయినయ్?"

"మొన్ననే పోయిండ్రు, సార్. ఇంకో ఊరికి."

ఉస్తాద్ గొంతు తగ్గించి చెప్పారు. "ఇను బిడ్డా. పెద్ద దేశాలోల్లు అరుస్తున్నన్ని రోజులు, కెమెరాలు ఉన్నన్ని రోజులు, కొట్టేటోడు చెయ్యి లేపే ముందు ఒకసారి చుట్టూ చూస్తడు. ఇప్పుడు సూసేటోడు లేడు. రెండు రోజులు అమ్మాన్ దిక్కు పొయ్యే వంతెన తెరిచి పెడుతున్నరు, బయటి దేశాలోల్లు పొయ్యేటందుకు. అది గూడ ఆ దేశాలు ఒత్తిడి పెడితే తెరిచిండ్రు. అలిసిపోతే మూస్తరు. నువ్వు రేపు ఆ ఊళ్లె ఉండొద్దు."

"ముసలాయన ఒక్కడైతడు, సార్."

"ఆయనకెవరున్నరు?"

"పెద్ద పట్నంల బిడ్డ ఉంది."

"ఆమెకు ఫోను చేసి, కిటికీ చూపియ్యి. ఆయన్ని కారెక్కించినంకనే నువ్వు బస్సెక్కు."

ఫోను పెట్టేశాక నేను ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను. మీది ఎంత పెద్ద మనసు అన్నాను. ఆయన చెయ్యి లాక్కున్నారు. "నా మనసు సంగతి నీకేం తెలుసు? ఆ ముసలాయన మీద నాకు ప్రేమ లేదు. ఆయన కదలకుంటే నీ కొడుకు కదలడు. అందుకే చెప్పిన." తర్వాత కాసేపటికి, "మూడేండ్లు నాకు అబద్ధం చెప్పినవ్. నేను నీకు ప్రతి రోజు చాయ్ పోసిన" అన్నారు. అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. అమ్మాన్‌లో ఉన్న తన చెల్లెలికి మాత్రం ఫోను చేశారు. నాకు అరబ్బీ కొంత తెలుసు, విన్నాను. "ఒక పిల్లగాడు వంతెన దాటి వస్తడు. ఎక్కణ్నుంచని అడగకు. అన్నం పెట్టు" అన్నారు.

ముసలాయన కూతురు మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. ఆయన కారెక్కనని తలుపు పట్టుకుని గొడవ చేశాడట, నరేష్ ఎత్తుకుని కూర్చోబెట్టాడట. సాయంత్రం మావాడు మన దేశంవాళ్లను తీసుకుపోయే బస్సెక్కి వంతెన దాటాడు. ఉస్తాద్ చెల్లెలు బస్సు ఆగే చోటికే వచ్చి తీసుకుపోయింది. మూడు రోజులు ఉంచుకుంది. భాష రాదు, అయినా కంచం ఖాళీ కానివ్వలేదని నరేష్ చెప్పాడు.

వాడు వంతెన దాటిన మర్నాడు, గురువారం, నేను అబ్బాసియాలో మిఠాయి డబ్బా కొనుక్కుని ఉస్తాద్ దగ్గరికి వెళ్లాను. గాల్లో తేలుతున్నాను! డబ్బా తెరిచి ఆయన నోటి దగ్గర పెట్టాను. ఒక ముక్క తీసుకుని బల్ల మీద పెట్టుకున్నారు. పేపరు చివరి నుంచి తిప్పుతున్నారు. ఆట వార్తలు, ఆస్తి ప్రకటనలు, తర్వాత ఏడో పేజీ. అక్కడ ఆగారు. కింద మూలలో అరచేతి అంత వార్త, ఫోటో లేదు. మొదటి పేజీలో మంత్రులు, నీళ్ల సీసాలు.

"దాటిండు గదా, ఉస్తాద్. ఇంకేం భయం?" అన్నాను.

"నీ కొడుకు దాటిండు" అన్నారు. వేలు ఆ చిన్న వార్త మీద నుంచి తీయలేదు. "గుట్ట అక్కడనే ఉన్నది. రెండు దిక్కుల మనుషులున్నరు. ఏడో పేజీలకు పోయింది, అబూ నరేష్. నేను ఏడో పేజీని నలభై ఏండ్ల సంది చూస్తున్న." ఆయన నన్ను పిలిచిన ఆఖరి పిలుపు అదే.

సోమవారం మధ్యాహ్నమే ఖబరస్తాన్‌కు తీసుకుపోయారు. నేను అందరి వెనక నిలబడ్డాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నా మొహం మీద నవ్వు ఆగలేదు. కళ్లలోంచి నీళ్లు, పెదవుల మీద నవ్వు. పక్కనున్న ఈజిప్టు ఆయన నన్ను వింతగా చూశాడు. ఏం చేయను? ఒకే రోజు దేవుడు ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నాడు. మట్టి పోసేటప్పుడు "మీరు చెప్పినట్టే చేరిండు, ఉస్తాద్" అని మెల్లగా అన్నాను. మనుషులు ఎక్కువ లేరు. పేపర్లో ఆయన గురించి ఒక్క లైను రాలేదు. మర్నాడు ఆయన గదిలో కుర్ర ఆఫీసరు ఒకడు కూర్చుని, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి కదా, ఈ డబ్బాలు బయట పెట్టండి అంటున్నాడు.

చదివేవాళ్లకు ఒక్క మాట. మీ పిల్లలు కూడా అక్కడ ఉంటే, మీరు కూడా సైప్రస్ అని చెప్పుకుంటూ ఉంటే, వాళ్లు పంపిన నవ్వు చూసి ఊరుకోకండి. కిటికీ చూపించమనండి. నేను ఈ వారమంతా పేపరు చివరి నుంచి తిప్పుతున్నాను. నిన్న ఏడో పేజీలో కూడా లేదు.

ఇక అందరికీ చెప్పాలి, నరేష్ చేరాడని, ఇన్నాళ్లు ఎక్కడున్నాడో నిజం కూడా. నిజామాబాద్‌లో పెద్దబిడ్డకు, అల్లుడికి. కోరుట్లలో మా చెల్లెకు, బావకు. మెట్‌పల్లిలో మా ఇంటామె అన్నకు, ఆయన వినగానే తిడతాడు, తిట్టనీ. ముంబైలో చిన్నాయన కొడుకులకు. మా పెద్దవ్వకు, చెవి దగ్గర గట్టిగా. అమ్మాన్‌లో ఉస్తాద్ చెల్లెలికి, ఆమెకు నేనే చెప్పాలి, అన్న పోయిన ఇంట్లో ఈ మాట ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఇంకా నరేష్ చూసుకున్న ఆ ముసలాయనకు. చుట్టం కాదు, అయినా నరేష్ చెప్పాల్సిందే అంటున్నాడు. సోమవారం నుంచి ఆయనకు ఫోను చేస్తూనే ఉన్నాడు. ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.