కరెంటు పిండే మామగారు

కదిలే వస్తువు కనబడితే చాలు, దానికో అయస్కాంతం కట్టి కరెంటు పిండాలని మామగారికి చెయ్యి దురద. సైన్సు మాష్టారుగా రిటైరయ్యాక ఆ దురద ఒళ్ళంతా పాకింది. తలుపుకి రాగితీగ చుట్ట, ఉయ్యాలకి మరో చుట్ట. మరిగే గిన్నె మూతకి ఒక పలక అంటించి, "కింద వేడి, పైన చల్లన. ఈ తేడాలోంచే కరెంటు పుడుతుందమ్మా!" అంటూ దాని మీద తడిగుడ్డ వేసేవారు. వీధి వీధంతా ఆయన్ని 'డైనమో' అనేది. ఆ మాట చెవిన పడితే కోడలు తల వంచుకుని నడక జోరు పెంచేది.

ఒక ఆదివారం ఆమె ఆఫీసరు భోజనానికి వచ్చాడు. మామగారు ఆయన్ని ఉయ్యాల్లో కూర్చోబెట్టి ఊపడం మొదలెట్టారు.

"కాళ్ళు ఎత్తండి బాబూ! అయస్కాంతం ఎంత జోరుగా కదిలితే అంత కరెంటు!"

"అన్నం చల్లారిపోతుందేమోనండీ..."

"చల్లారనిస్తానా? ఆ వేడితో నాకు పనుంది!"

బల్బు మిణుక్కుమంది. ఆఫీసరుకి కళ్ళు తిరిగాయి. కోడలికి ఏ గోతిలోనైనా దూరిపోదామనిపించింది.

మర్నాడు పక్కింటావిడ ఇంకో కబురు మోసుకొచ్చింది. "పైవాటా దర్జీ లేడూ, పక్షవాతం వచ్చినాయన? మీ మామగారు రోజూ ఆయన చేత డైనమో తిప్పిస్తున్నారట! కుడిచెయ్యి సరిగ్గా లేవని మనిషి చేత!"

కోడలి మొహం మాడిపోయింది. గబగబా మెట్లెక్కింది.

కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. దర్జీ కిటికీ పక్కన కూర్చుని, చెమటలు కక్కుతూ కుడిచేత్తో పిడి తిప్పుతున్నాడు. ఎదురుగా రెండు బల్బులు వెలుగుతున్నాయి.

"క్షమించండన్నయ్యగారూ! ఇంక ఈ పని మానెయ్యండి. మా మామగారికి నేను చెబుతాను."

"ఆ పని మాత్రం చెయ్యకమ్మా, నొచ్చుకుంటారు. ఏదో పరిశోధనట. తిప్పడానికి ఓపికున్న మనిషి దొరకలేదట. చెయ్యి ఆడించమని డాక్టరు బంతి ఇస్తే, నేనేమైనా చంటిపిల్లాణ్ణా అని విసిరికొట్టాను. ఈయన బతిమాలుతుంటే మాత్రం కాదనలేకపోయాను. పిచ్చి మారాజు, పాపం."

దర్జీ భార్య ఆమెను వంటింట్లోకి లాగింది. "ఒక్క బల్బుతో మొదలెట్టించారమ్మా. బల్బులు పెంచినకొద్దీ పిడి బరువెక్కుతుందట, చేతికి బలం వస్తుందట. మొన్న మావారు చొక్కా గుండీలు తనంతట తనే పెట్టుకున్నారు! సంగతి తెలిస్తే మానేస్తారు, చెప్పొద్దన్నారు మాష్టారు."

మామగారి వల్ల ఇన్నాళ్ళూ పడ్డ సిగ్గంతా ఒక ఎత్తు, ఇప్పుడు తనమీద తనకు కలిగిన సిగ్గు ఒక్కటీ ఒక ఎత్తు.

ఆమె వంటింట్లోంచి బయటికొచ్చేసరికి మామగారే మూడో బల్బు పట్టుకుని లోపలికొచ్చారు. కోడల్ని చూసి బిక్కచచ్చిపోయారు.

"తప్పేనమ్మా. ఇంటికెళ్ళాక తిడుదువు గాని."

కోడలు ఆయన చేతిలోంచి బల్బు అందుకుంది. "ఎక్కడ బిగించాలో చెప్పండి మామయ్యగారూ."

మామగారి మొహం వెలిగిపోయింది. దర్జీ ఆమెవైపు వంగి గుసగుసగా అన్నాడు.

"చూశావా, ఎంత సంబరమో! ఇలాంటి అమాయకుల్ని మనమే కాస్త కనిపెట్టుకుని ఉండాలమ్మా."

"అవునండీ" అంది కోడలు, తల ఎత్తకుండా.