అంటించిన కవర్లలో తేలిన సంగతి

మొన్న షోళింగనల్లూరులో కౌన్సెలింగు చేసే మా మేనకోడలు ఇంటికొచ్చి, తన దగ్గరికి వచ్చేవాళ్లు ఆనాటి మాటల వల్ల మేలు జరిగిందో లేదో వెంటనే ఫోనులో రాసేస్తారనీ, ఒకరు ఏమీ జరగలేదని రాశారనీ కళ్లనీళ్లు పెట్టుకుంటే, ఓదార్చాల్సిన నాకు అసూయలాంటిదేదో కలిగింది.

నేను కౌన్సెలరుగా ఉద్యోగంలో చేరిన కొత్తలో, టి. నగర్‌లోని ఒక చిన్న మానసిక వైద్యశాలలో, మా పెద్ద డాక్టరుగారు రెండు చికిత్సా పద్ధతుల్లో ఏది మేలో తేల్చాలని ఒక పరిశోధన మొదలుపెట్టారు. మాట్లాడడం అయ్యాక రోగి ఎంత కుదుటపడ్డారో మేమొక కాగితం మీద రాయాలి, రోగి తనకెలా ఉందో వేరే కాగితం మీద రాసి, కవరు అంటించి పెట్టెలో వేయాలి. అంతా ముగిసేదాకా ఆ కవర్లు మేం తెరవకూడదు.

అంబత్తూరులో ఫ్యాక్టరీ పనికి వెళ్లే ఒకావిడ, పురిట్లో బిడ్డను పోగొట్టుకుని, వారం వారం రెండు బస్సులు మారి నా దగ్గరికి వచ్చేది. దుఃఖాన్ని చెప్పిస్తే తేలికపడుతుందని చదువుకున్న నేను, ఆ రోజు సంగతి మళ్లీ మళ్లీ చెప్పించేదాన్ని. ఆవిడ చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇప్పుడు బాగుండా మా" అని నవ్వేది, నేను బాగా కోలుకుంటోందని గర్వంగా రాసుకుని కాఫీకి లేచేదాన్ని. ఒక వారం రాలేదు, ఆ తర్వాతా రాలేదు, నయమైంది కాబోలనుకున్నాను.

కవర్లు తెరిచిన రోజున ఏ పద్ధతి మేలో తేలలేదు గానీ, ఎవరు కోలుకుంటున్నారో ఎవరు కుంగిపోతున్నారో మాలో ఎవరికీ తెలియలేదన్న సంగతి మాత్రం తేలింది. ఆవిడ నన్ను అమ్మ అంటూ తమిళ అక్షరాల్లో తెలుగు రాసింది, కూడబలుక్కుని చదివాను. "అమ్మ అడగతాదని బిడ్డ సంగతి చెప్తా. ఇంటికి పోతే నాలుగు దినాలు కూడు దిగదు. బాగలేదంటే అమ్మ బాధపడతాది." ప్రతి వారమూ ఇంచుమించు అదే.

మర్నాడే అంబత్తూరు వెళ్లాను. పక్కింటావిడ తలుపు సగమే తెరిచి, "ఆయమ్మ ఈడ లేదు మా, ఇల్లు కాలీ చేసేసి పోయినారు. యాడికని మాకేం తెల్సు?" అంది. తిరిగొచ్చి జరిగింది చెప్పాను. ఇది మనకు దొరికిన గొప్ప పాఠమన్నారు డాక్టరుగారు. నిజమే, కానీ దానివల్ల ఆవిడకు ఒక్క ముద్దయినా దిగదు కదా.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా, నావల్ల ఈరోజు ఏమైనా బాధ కలిగిందా అని ప్రతి ఒక్కరినీ అడిగేదాన్ని. కొందరు చెప్పేవారు, చాలామంది అదేం లేదని నవ్వేవారు. ఆ నవ్వును ఏం చేసుకోవాలో నాకు చివరిదాకా తెలియలేదు. ఇప్పుడు అక్కచెల్లెళ్లు ఫోనులో బాగున్నామన్నా మనసు ఊరుకోదు. ఎదుటి మనిషి మాటను ఉన్నదున్నట్టు నమ్మేసి, నిశ్చింతగా కాఫీకి లేచి వెళ్లిన ఆ చిన్నతనం నాకిక రాదు.