షాహిదా పథ్యం

ఈమధ్య ఒక పొద్దున మా అత్తగారు నేల ఉసిరి ఆకు మిక్సీలో వేసి తిప్పారు. ఆ పచ్చి చేదు వాసన వంటింట్లోంచి వచ్చి, పాప మంచం పక్కన కూచున్న నా ముక్కుకు తగిలింది. పాపకి కామెర్లు. చాలా రోజులుగా నాకు సరైన నిద్ర లేదు. పసరు గ్లాసులో పోసి తెచ్చి, మీ ఊరి మందేగా అమ్మా, పట్టించు అన్నారావిడ. మా ఊరి మందే. ఎందుకు వద్దో చెప్పే ఓపిక లేక, గ్లాసు అందుకుని కిటికీ గట్టు మీద పెట్టాను.

మా ఊరు నరసరావుపేట. నాన్నది కిరాణా కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. ఎండాకాలం వస్తే మా సందులో ఎండుమిరపకాయల ఘాటూ, జాడీల్లో ఊరుతున్న మామిడికాయ వాసనా, ఎదురింటి కరీం మామ మెకానిక్ షెడ్డులోంచి వచ్చే డీజిల్ వాసనా కలిసిపోయి, వడగాలితో పాటు ఇంట్లోకి వచ్చి మంచాల మీద పడుకునేవి. కరీం మామ కూతురు షాహిదా, నేనూ ఒకటే క్లాసు. మునిసిపాలిటీ కుళాయిలో నీళ్లు పైకెక్కవని సందులో వాళ్లంతా కలిసి మురిక్కాలవ పక్కనే గుంట తవ్వి, పైపుని అందులోకి దించుకున్నారు. మేమిద్దరం ఆ గుంటలోకి దిగి దోసిళ్లతో నీళ్లు తాగేవాళ్లం, ఒకే పుల్లైసు చెరోవైపు నుంచీ చీకేవాళ్లం, మా అరుగు మీద గవ్వలతో అష్టాచెమ్మా ఆడుతూ పొద్దు గడిపేవాళ్లం.

ఆ వేసవిలో ఇద్దరికీ ఒకేసారి జ్వరం తగిలింది. అన్నం వాసనకే వాంతి. మా నాయనమ్మ నన్ను వాకిట్లో ఎండకి నిలబెట్టి, కంటిరెప్ప కిందికి లాగి చూసి, కామెర్లే అంది. సాయంత్రానికి ఎదురింట్లోనూ అదే మాట. రొంపిచెర్ల అవతల ఒక పల్లెలో ఆకుమందు పోసే మనిషి ఉన్నాడని విని, కరీం మామ మా ఇద్దరినీ, మా అమ్మలనీ జీపులో తీసుకెళ్లాడు. పరగడుపున పాలల్లో పసరు కలిపి, ముక్కు మూసి తాగించారు. ఉప్పు, కారం, నూనె, చింతపండు ముట్టగూడదనీ, పథ్యం తప్పితే మందు విషమవుతుందనీ ఆయన మా అమ్మలకి మరీ మరీ చెప్పి పంపాడు.

కారం లేనిదే ముద్ద దిగని ఊళ్లో మాకు చప్పిడి మెతుకులూ మజ్జిగా. మా అరుగు మీదే ఇద్దరికీ నులకమంచాలు వేశారు. ఆ ఏడు రంజాను పండగ మండుటెండల్లో వచ్చింది. షాహిదా అమ్మ ఫాతిమత్త పలావు, దాల్చా, సేమ్యా పాయసం చేసి సందంతా పంచింది. మాకు మాత్రం రెండు గిన్నెల్లో అదే చప్పిడన్నం కలిపి తెచ్చి, మా మధ్య కూచుని తినిపించింది. పిల్ల తిననిది నాకెందుకని తనూ ఆ పూట మజ్జిగన్నమే తిన్నది. నేను పక్కనే ఉన్నాను, చూశాను.

తర్వాత నాకు ఆకలి వచ్చింది. షాహిదాకి నిద్ర వచ్చింది. గవ్వలు గుప్పిట్లో పెట్టుకునే నిద్రపోయేది. ఒక మధ్యాహ్నం లేపితే నన్ను వాళ్ల పిన్ని పేరుతో పిలిచింది. మందు పనిచేస్తోంది, పడుకోనియ్యండి అంది నాయనమ్మ. మా అమ్మ వచ్చి దాని గడ్డం పట్టుకుని పైకెత్తి చూసి, ఫాతిమత్త వైపు తిరిగింది.

"ఇది నిద్ర గాదు వదినా. గుంటూరు తీసకపోండి."

అప్పటికప్పుడు జీపులో వెళ్లారు. లివరు పూర్తిగా దెబ్బతిన్నదని అక్కడి డాక్టర్లు చెప్పారట. షాహిదా అక్కడే పోయింది.

దాన్ని సాగనంపి వచ్చిన నాలుగు రోజులకే సందులో మాట మొదలైంది: పండగనాడు తల్లే మనసాగక పిల్లకి కూర పెట్టిందంట, పథ్యం తప్పిందంట. నన్ను చూపించి మరీ చెప్పుకునేవాళ్లు, ఈ పిల్ల నియమంగా ఉంది, బతికిందని. ఒకసారి ఫాతిమత్త కుళాయి దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వన్నా చెప్పవే, నేనేం పెట్టలేదని."

చెప్పాను. నాయనమ్మకి, నాన్నకి, కొట్టుకొచ్చే వాళ్లకి, అడిగిన వాళ్లకీ అడగని వాళ్లకీ చెప్పాను. చిన్నపిల్ల, దానికేం తెలుసు అన్నారు. ఏడాది తిరక్కుండానే కరీం మామ షెడ్డు ఎత్తేసి చిలకలూరిపేట వెళ్లిపోయాడు.

ఆ రోజు పాపని చూసిన డాక్టరుగారిని పథ్యం సంగతి అడిగాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. మురికినీళ్లతో వచ్చే వైరస్ అట, లివరు వాస్తుందట, చాలామంది పిల్లలకి దానంతటదే తగ్గుతుందట, ఎక్కడో ఒకరికి ముదురుతుందట. ముదిరితే అది తిన్న కూర వల్ల కాదట. పిల్ల తినగలిగిందల్లా పెట్టండి, పసర్లు మాత్రం వద్దు, మత్తుగా ఉన్నా మాట తేడాగా ఉన్నా వెంటనే తీసుకురండి అంది. ఇంటికొచ్చి పసరు సింకులో పారబోశాను.

పాప తేరుకున్నాక దాన్ని తీసుకుని చిలకలూరిపేట వెళ్లాను. దారిలో మా సందు చూశాను. గుంట పూడ్చేశారు, షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు ఉంది, అరుగులు పోయి ఇనపగేట్లు వచ్చాయి, ప్రతి గేటు ముందూ నీళ్ల క్యాను. ఫాతిమత్త చిన్నకొడుకు దగ్గర ఉంటోంది. కరీం మామ పోయి చాలా ఏళ్లయింది. పాపని పక్కన కూచోబెట్టుకుని బిస్కెట్లు చేతికిచ్చింది. డాక్టరుగారు చెప్పిందంతా చెప్పాను. ఆవిడ వింటూ పాప జుట్టు సవరించింది.

"నాకు తెలుసులేవే," అంది చివరికి. "ఇప్పుడు పోయి ఎవురికి చెబుతావు? ఆ మాట అన్నోళ్లు ఒక్కరన్నా మిగల్లేదు."