గొర్ల సూది నేనే ఏసుకున్ననట

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఒకటి, నేను చెప్పింది జనం వింటరని. రెండు, జనం చెప్పింది నేను వినే అవసరం లేదని. రాష్ట్రం వచ్చిన కొత్తలు. కొత్త ఉద్యోగం, కొత్త కాపురం, వీటి మధ్యన పాత షుగర్. అన్నిటికన్న ఎక్కువ కాలం నాతోటి కలిసిమెలిసి ఉన్నది షుగరే. డిగ్రీ రెండో ఏడుల, దూప దూప అని హాస్టల్ కుండలన్నీ ఖాళీ చేసి బక్కచిక్కిపోతే, నల్లగొండల రక్తం చూసి ఇది షుగర్ అన్నరు. ముసలోళ్ల రోగం నాకెట్ల వచ్చిందని మా బాపు ఏడ్చిండు. నేను మాత్రం, తెలివి తొందరగా రాకపోయినా ఇదన్న తొందరగా వచ్చింది గదా అనుకున్న. అప్పటి నుంచి పొట్టకు రోజూ సూది. పెండ్లిచూపులకు వచ్చినోళ్లకు చాయ్ ఇచ్చుకుంటనే చెప్పేసిన, "నాకు షుగర్ ఉన్నది, సూది ఏసుకుంట, ఉద్యోగం మాన." ఇద్దరు పెండ్లికొడుకులు చాయ్ సగంలనే ఇడిచిపెట్టి పోయిన్రు. మూడో ఆయన మొత్తం తాగి "ఇంకొంచెం ఉన్నదా" అనడిగిండు. ఆయననే చేసుకున్న.

నేను కట్టంగూర్ దిక్కు ఒక పశువుల దవాఖానల అసిస్టెంటును. కాంట్రాక్టు కొలువు. అంటే ఏటా ఎండాకాలం పోయేటప్పుడు "ఈమె మళ్ల కావాల్నా, వద్దా" అని పైనోళ్లు ఆలోచించుకునే కొలువన్నట్టు. నా మీద ఒక డాక్టర్ సారు (పశువుల డాక్టరే, మనుషులను చూస్తే కొంచెం మొహమాటపడేటోడు). నా పనల్లా మందుల ఐస్ డబ్బా స్కూటీ ముందల పెట్టుకొని ఊరూరు తిరిగి గొర్లకు టీకాలెయ్యడం. తొలకరి పడంగనే పచ్చిగడ్డి మేసి గొర్లకు చిటుక రోగమొస్తది. పొద్దున మంచిగున్న గొర్రె మాపటికి కాళ్లు బారజాపుతది. అందుకే వానలకు ముందే మందలన్నిటికీ సూది పడాలె.

సరిగ్గా ఆ సూదుల కాలంలనే నాకు నెల తప్పింది. నల్లగొండ దవాఖానల డాక్టరమ్మ కాగితాలు చూసి, కండ్లద్దాలు తీసి, నా దిక్కు చూసింది. "మొదటి మూడు నెలల్లనే బిడ్డ గుండె, వెన్నుపూస అన్నీ తయారైతయి. షుగర్ పెరిగితే బిడ్డకు దెబ్బ. మరీ పడిపోతే నువ్వే పడిపోతవు. సూది టైముకు, సూది ఏసుకున్నంక తిండి టైముకు. గంట చూసి బతకాలె." పనికి పోవచ్చా అనడిగిన. "పోవచ్చు. గని తిండి తప్పొద్దు" అన్నది. ఆ మొదటి మాట పట్టుకొని నేను సంబురంగ బయటికొచ్చిన. రెండో మాట మా అత్తమ్మ పట్టుకున్నది.

అత్తమ్మ పెట్టిన షరతులు రెండు. ఉద్యోగం మానాలె. మూడు నెలలు నిండేదాకా ఎవ్వరికీ చెప్పొద్దు. "కండ్లు పడ్తయి బిడ్డా. నరుని కంటికి నల్లరాయన్న పలుగుతది." నేను బేరం పెట్టిన. మొదటిది ఆమె ఇడిచిపెడితే రెండోది నేను పాటిస్త అన్న. అత్తమ్మ చానసేపు ఆలోచించి, "నోరు మూసుకుంటేనే పనికి పోనిస్త" అన్నది. నోరు మూసుకునుడు నాకు కొత్త విద్య. అయినా ఒప్పుకున్న.

ఇగ అసలు కథ. ఎండకు ఇన్సులిన్ పాడయితది. అందుకని నా సీసా, నా చిన్న సూదులు తువ్వాల చుట్టి గొర్ల మందుల పక్కనే అదే ఐస్ డబ్బల పెట్టుకునేదాన్ని. పగటీలి అన్నం యాళకు ఎవరిదన్న దొడ్డి గోడ ఎనుకకు పోయి సూది ఏసుకొని, వచ్చి టిఫిన్ డబ్బ తీసేదాన్ని. ఒకనాడు గోడ మీదికెల్లి గొంగడి పెద్దయ్య చూసిండు. (ఆయనకు ఆ పేరు ఊరంతా కలిసి పెట్టింది. రోహిణి ఎండలల్ల గూడ గొంగడి ఇప్పడు. "ఎండను ఆపుతది" అంటడు. ఆపుతదేమో, నేనెన్నడూ లోపటికి పోయి చూడలే.) చూసిండు గని ఏం అనలే. తలకాయ ఊపి పోయిండు. నేనూ సంతోషించిన, మర్యాద తెలిసిన మనిషి అని.

మర్యాద తెలిసిన ఆ మనిషి సాయంత్రానికల్లా నాలుగూర్లకు చెప్పిండు. "గా మేడం మంచిది. మన గొర్లకు ఏసేముందు అదే డబ్బలకెల్లి తీసి తానే ఏసుకుంటది. మందు మంచిగుందా లేదా చూసుకుంటది. పొట్టకే ఏసుకుంటది, నా కండ్లతోటి చూసిన."

నాకీ సంగతి తెల్వదు. తెలిసిందల్లా, మరునాటి నుంచి క్యాంపులకు జనం విరగబడి రావడం. పోయిన ఏడు బతిమాలుకున్నా తోలుకరానోళ్లు సైతం మందలు తోలుకొచ్చి నిలవడ్డరు. అంతకు ముందెన్నడో ఎవరో సూది ఏస్తే సూడి గొర్రె నెలలు నిండకముందే ఈసుకపోయి పిల్ల దక్కలేదట. అప్పటి నుంచి సూదంటేనే భయం వాళ్లకు. ఇప్పుడా భయం పోయింది. డాక్టర్ సారు లెక్కలు చూసుకొని మురిసి, "ఏం మాయ చేసినవమ్మా" అన్నడు. "నా మాటతీరు సార్" అన్న. నిజంగనే అట్ల అనుకున్న.

మాటతీరు సంగతి తేలిన రోజు రానే వచ్చింది. ఆనాడు సారు గూడ క్యాంపుకొచ్చిండు. ఎప్పటిలెక్కనే గోడ ఎనుక సూది ఏసుకొని, టిఫిన్ కోసం సంచిల చెయ్యి పెట్టిన్నో లేదో, పక్కూరు నుంచి మంద తోలుకొచ్చిన మనిషి ఒకడు అడ్డం నిలవడ్డడు. గొంగడి పెద్దయ్య ఆయన పక్కనే ఉన్నడు, సాక్ష్యానికన్నట్టు.

"మేడం, మొదలు మీరు ఏసుకోండ్రి. అటెన్క మా గొర్లకు."

"నేనా? ఎందుకు?"

"ఎప్పుడూ ఏసుకుంటవట గదా. ఇయ్యాల మా కండ్ల ముందట ఏసుకో. గోడెనుక ఏసుకుంటే మాకేం ఎరుక."

"ఏసుకుంటది, నేను చూసిన" అన్నడు పెద్దయ్య, భరోసాగ.

సారుకు ఏం అర్థమైందో ఏమో, నా చెవి దగ్గరికొచ్చి మెల్లగ, "ఒకటి ఉత్త నీళ్లది ఏసుకున్నట్టు చెయ్యమ్మా, పని అయిపోతది" అన్నడు. మందు డబ్బ ముందల మోసమా, నేను చెయ్య అన్న. చేస్తే ఏమైతది అన్నడు సారు. ఎందుకు చెయ్యాలె అన్న నేను. తిండి యాళ దాటిపోతున్నది. గొర్లు అరుస్తున్నయి. నేను కాంట్రాక్టు మనిషినని మర్చిపోయి సారుతోటి న్యాయం, ధర్మం మాట్లాడుతున్న. అప్పుడు చూసుకున్న, చేతులు వణుకుతున్నయి. నుదురంతా చెమట. ఇన్సులిన్ తన పని తను చేసుకపోతున్నది పాపం, దానికి మా పంచాయతీ ఏం తెలుసు.

పక్కూరాయన నా చేతుల దిక్కు చూసిండు. "అరె, వణుకుతున్నది. గోడెనుక ఏసుకున్నదే ఎక్కినట్టుంది. గొర్లను ఎనుకకు తోలుండ్రిరా." మంద మొత్తం ఎనుకకు మళ్లింది. గొంగడి పెద్దయ్య నా దిక్కు చూసిన చూపు నాకు ఇయ్యాల్టికీ యాదికుంది. చిటుక తగిలిన గొర్రెను చూసే చూపు అది.

ఆ మూడు నెలల్లో నాకు నిజంగ భయమైంది ఆ ఒక్క గడియనే. నేను పడిపోతే లోపటిది ఏం గావాలె? బండరాయి మీద కూలబడి, సంచిల ఉన్న బెల్లంముక్క నోట్లె ఏసుకున్న. అది కరుగుతుంటే టిఫిన్ తీసి, రొట్టె తుంచి, నోటినిండ పెట్టుకొని, అత్తమ్మకు ఇచ్చిన మాటను రొట్టెతోపాటే మింగేసిన.

"నేనేసుకునేది గొర్ల మందు గాదు. షుగర్ మందు. నాకు షుగర్ ఉన్నది. నాకిప్పుడు రెండో నెల. సూది ఏసుకున్నంక టైముకు తినాలె, మీరు తిననిస్తలేరు. జర ఆగుండ్రి, తిన్నంక మాట్లాడుకుందం."

ఇంత గంభీరమైన మాటలు నోట్లె రొట్టెతోటి చెప్తే ఎంతమందికి అర్థమైనయో తెల్వదు. గని అందరూ ఆగిన్రు. మొగోళ్లు భూమి దిక్కు చూసిన్రు. సారు ఐస్ డబ్బ మూత తీసి పెట్టి, తీసి పెట్టి, ఆఖరికి అన్నడు.

"ముందే చెప్పొద్దా అమ్మా. రేపటి నుంచి నువ్వు దవాఖానలనే కూసో. క్యాంపులకు ఇంకెవరినన్న పంపుత."

మంచితనంతోనే అన్నడు, నాకు తెలుసు. గని కుర్చీల కూసున్న కాంట్రాక్టు మనిషికి మరుసటేడు ఆ కుర్చీ ఉండదని గూడ తెలుసు. రొట్టె నమలడం అయిపోయింది. చేతులు వణుకుడు తగ్గింది.

"సార్, సూడి గొర్రె మేతకు పోదా?"

"అది గొర్రె గదమ్మా."

"నేను దానికన్న ఎక్కువ చదువుకున్న సార్. ఎండల ఎంతసేపుండాల్నో, ఎప్పుడు తినాల్నో నాకు తెలుసు. నాకు కావాల్సింది కుర్చీ గాదు, తినేటప్పుడు ఎవరూ అడ్డం రాకుండుడు."

జనంల ఎవరో కిసుక్కుమన్నరు. గొంగడి పెద్దయ్య గొంతు సవరించుకున్నడు. "మరి మందు మంచిదేనా మేడం? నువ్వు ఏసుకోకపోతివి."

"గొర్ల మందు ఎట్లుంటదో నన్నెందుకు అడుగుతవు పెద్దయ్యా. పోయిన వారం నీ మందకు ఏసిన గదా. వాటినే అడుగు."

ఆయన నిజంగనే ఆలోచించిండు. "అన్నీ మేస్తున్నయి" అన్నడు పక్కూరాయనతోటి. తర్వాత సారు దిక్కు తిరిగి, "మా గొర్లకు ఈమెనే ఏయాలె సారూ. గని తిన్నంకనే" అన్నడు. సారు ఐస్ డబ్బ మూత పెట్టిండు, ఈసారి మళ్ల తీయలే. ఆనాటి నుంచి నేను ఏ ఊరికి పోయినా స్కూటీ ఆపకముందే "మేడం, తిన్నవా?" అని వినబడేది. తినలేదంటే మందను ఇప్పకపోదురు. పొలిమేర దాటేలోపల రెండుసార్లు తినాల్సొచ్చిన రోజులు గూడ ఉన్నయి.

ఇంటికి పోయేసరికి అత్తమ్మ గడపల కూసొని ఉన్నది. వార్త స్కూటీ కన్న ముందుగనే చేరింది.

"మాట తప్పినవ్."

"తప్పిన అత్తమ్మా."

"ఎంతమందికి తెలిసింది?"

"మనుషులకా, గొర్లకా?"

నవ్వలే. లేచి లోపటికి పోయి ఉప్పు, మిరపకాయలు తెచ్చి నాకు దిష్టి తీసింది. కొంచెం ఆగి స్కూటీకి గూడ తీసింది. మిరపకాయల ఘాటుకు ఇద్దరం దగ్గుకుంట నిలవడ్డం. తెల్లారి టిఫిన్ కట్టిచ్చేటప్పుడు డబ్బ బరువుగుంది. ఇదేంది అన్న. "రొట్టెలు ఎక్కువ పెట్టిన. దాచిపెట్టే మాటైతే పాయె, ఉద్యోగమన్న ఉండనీ" అన్నది నా మొఖం చూడకుండ.

మూడు నెలలు నిండినంక స్కానింగుల డాక్టరమ్మ మెల్లగ అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "గుండె మంచిగుంది, వెన్ను మంచిగుంది" అన్నది. నేను ఏడుస్తనని మా ఆయన ముందే చేతిరుమాలు తీసి పెట్టిండు. ఆయనే తుడుచుకున్నడు. ఆ ఏడు కొలువు గూడ నిలవడ్డది, బిడ్డ గూడ నిలవడ్డది. ఇప్పుడామె బడికి పోతది, నేను చెప్పింది ఏదీ వినదు.

ఇప్పుడు నేను గూడ మారిన. ఎవరన్న కూసో అంటే కూసుంట, తాగు అంటే నీళ్లు తాగుత, ఆఫీసుల వాదన మొదలైతే చాయ్ కోసం బయటికి పోత. ఎప్పుడన్న ఆ దొడ్డి గోడ పక్కకెల్లి పోతుంటే ఆనాటి నేనే, ఆ పిల్ల, కండ్లముందల కనబడ్తది. నోటినిండ రొట్టె, నెత్తిన ఎండ, ఎదురుంగ మంద, సారు, ఊరు. దగ్గరికి పోయి, జర నీడకు కూసోరాదు బిడ్డా అని చెప్పాలనిపిస్తది. కూసోదు, నాకు తెలుసు. పైంగ నాతోటే కొట్లాట పెట్టుకుంటది. పెట్టుకోనీ.